ఆరో గదికి సున్నం

ఆ బేస్తవారం పొద్దున ఇంట్లో ఉన్నవాళ్ళు వీళ్ళు: ఇస్త్రీ చొక్కా వేసుకుని, ఒకచోట నిలవలేక వాకిట్లో అటూ ఇటూ తిరుగుతున్న ఆంజినప్ప. వంటింటి గడప పక్కన కూర్చుని రాగులు చెరుగుతున్న ఆయన భార్య మంజులమ్మ. "ఆఫీసరు వచ్చి పోయేదాకా బయటికి రావద్దు, నోరు విప్పొద్దు" అని కట్టడి చేసి నడిమింటి మంచం మీద కూర్చోబెట్టిన ఆంజినప్ప ముసలి వదిన దొడ్డమ్మ. అందరికన్నా వెనక, తలుపు చాటున నిలబడి, గోళ్ళ సందుల్లో ఎండిన సున్నం గీక్కుంటున్న ఆంజినప్ప కూతురు కెంపమ్మ.

ఇంటికి ఎదురుగా, హోసూరు రాయకోట రోడ్డు వైపున, ఒకే కప్పు కింద ఆంజినప్ప కట్టించిన బాడిగ గదులు ఆరు. చివరిదైన ఆరో గదిలో ముగ్గురున్నారు. పాపక్క, ఆమె కూతురు మారక్క, పందొమ్మిది రోజుల పసిబిడ్డ. ఆ బిడ్డకు ఇంకా పేరు పెట్టలేదు. మారక్క మొగుడు ఫ్యాక్టరీలో పొద్దుటి షిఫ్టుకు పోయాడు.

ఆరో గది వెనకగోడకు వచ్చిన నెర్రె సంగతి, దానికి పాపక్క పెట్టిన కాపలా సంగతి చాలామందికి గుర్తుండే ఉంటుంది. లేనివాళ్ళకు నాలుగు మాటలు.

పాపక్కది జవళగిరి. అడవి అంచున గొర్రెలు కాసి బతికిన కుటుంబం. ఆ పక్క ఊళ్ళలో మట్టిగోడకు నెర్రె వస్తే ఎవరూ ముందే కంగారు పడరు. రాగిపిండి గంజి కాచి, కాగితం ముక్కను నెర్రెకు అడ్డంగా అతికిస్తారు. కాగితం నిలిచిందా, అది పాత నెర్రె, నిద్రపోతున్నట్టు లెక్క. కాగితం చిరిగిందా, గోడ నడుస్తోందన్నమాట. పాపక్క నాలుగు కాగితాలు అతికించింది. ఒక్కొక్కదాని మీదా తేదీ రాసింది కెంపమ్మ.

కెంపమ్మకు పదిహేనేళ్ళు. పోయిన ఏడాది దాకా అత్తిముగంలో అమ్మమ్మ ఇంట్లో ఉండి, ఊరి బడిలోనే చదువుకుంది. రాత గుండ్రంగా, చక్కగా ఉంటుంది గాని మాటే పైకి రాదు. కొత్తవాళ్ళెదుట ఓణీ కొంగు నోటికి అడ్డం పోతుంది. చెప్పుకోవలసిందంతా ఒక పాత డైరీలో రాసుకుంటుంది. హోసూరుకు వచ్చాక ఆమె నోరు తెరిచి మాట్లాడింది ఒక్క పాపక్క గడప మీదనే. నాలుగు కాగితాల్లో మూడు చిరిగిన సంగతి, ఏది ఏ రోజు చిరిగిందీ, డైరీలో కూడా రాసి పెట్టుకుంది.

ఇంతలో ఊరికి ఆ పక్కన ఎవరివో బాడిగ ఇళ్ళు వానకు కూలి ఇద్దరు పోయారు. బాడిగ గదులన్నీ పరీక్ష చేసి, భద్రం కానివాటిని ఖాళీ చేయించమని సర్కారు ఆర్డరు వచ్చింది. బేస్తవారం కృష్ణగిరి నుంచి ఆఫీసరు వస్తాడని తెలిసింది.

"సర్కారోళ్ళు నోటిమాట నమ్మరు కెంపీ, రాసింది నమ్మతారు. రాసింది నువ్వు. ఆయప్ప అడిగితే నువ్వే చెప్పల్ల" అంది పాపక్క. కెంపమ్మ ఆమె చేతిలో చెయ్యేసింది. పోయిన వారం మనం ఆగింది అక్కడే.

చెయ్యేసింది ఆదివారం. సోమవారానికే ఆ మాటకు నెర్రె పడింది.

*

సోమవారం పొద్దున ఆంజినప్ప రెండు ఎర్ర బకెట్లతో వచ్చాడు. రైసు మిల్లులో నిప్పు అంటుకుంటే చల్లడానికి తగిలించే బకెట్లు అవి. నాలుగు రోజులకని అడిగి తెచ్చాడు. మిల్లు పేరున్న వైపు గోడకు తిప్పి, మొదటి గది ముందర రెండు మేకులకు తగిలించాడు.

"కెంపమ్మా, దీని మీద ఇసుక అని, దాని మీద నీళ్ళు అని రాయి. దూరానికి కనబడల్ల."

మూడో గది మునివెంకటమ్మ నడుం మీద చెయ్యి పెట్టుకుని చూస్తోంది. "ఇసుకను చూస్తే ఇసుకని తెలీదా ఆంజినప్పా? ఆ ఆఫీసరుకు కండ్లు లేవా?"

"రాసి ఉంటేనే వాళ్ళకు కనబడేది" అన్నాడు ఆంజినప్ప.

అందరూ నవ్వారు. కెంపమ్మ కూడా నవ్వుతూనే, తెల్లరంగులో కుంచె ముంచి రెండు మాటలూ గుండ్రంగా రాసింది.

ఆ రోజంతా వఠారమంతా పెండ్లిపనిలా సాగింది. వసారాలో బోసిగా వేలాడుతున్న కరెంటు తీగలకు నల్లటేపు చుట్టారు. చలికని మేకులు కొట్టి మూసిన కిటికీలు తెరిచారు. గదుల్లో ఉన్న కిరసనాయిలు డబ్బాలన్నీ గడ్డివాము వెనక దాచారు. ఆరో గది తలుపు ఏడాదిగా నేలకు రాసుకుంటూ ఉండేది. ఎత్తి తోస్తే తప్ప పడేది కాదు. వడ్లాయన్ని పిలిచి కింద చిత్రిక పట్టిస్తే ఇప్పుడది వేలితో తోసినా మూసుకుంటోంది.

బావిగట్టు లేని ఆ వఠారంలో ఆడవాళ్ళు కలిసేది కుళాయి దగ్గరే. అక్కడ బిందె పెట్టి మునివెంకటమ్మ గొంతు తగ్గించింది.

"పాపక్కా, గమ్మునుండు. గది బాగలేదని ఆయప్ప రాసినాడంటే ఆరు గదులూ ఖాళీ చేయిస్తాడు. ఈ వానలో సామాను నెత్తిన పెట్టుకుని యాడికి పోయేది? ఫ్యాక్టరీలు వచ్చినాంక ఈ ఊర్లో గొడ్లపాకకు కూడా బాడిగ అడగతా ఉండారు."

"నీ గోడ నిలబడుండాది, నువ్వు మాట్లాడతావు. నాది నడస్తా ఉండాది" అంది పాపక్క. బిందె చంకనెత్తుకుని వెనక్కి తిరిగి చూడకుండా పోయింది.

పొద్దు వాలుతుండగా ఆంజినప్ప కూతుర్ని పక్కకు పిలిచాడు.

"రేపు గదులన్నిటికీ సున్నం కొట్టేదానికి కూలి ఆళ్ళు వస్తారు. ఆరో గదికి మాత్రం నువ్వే చెయ్యి బిడ్డా. వాళ్ళ చేతికి అది లొంగదు. నీ చెయ్యి పడిన గోడ మీద చీమ గూడా జారతాది."

అత్తిముగంలో అమ్మమ్మ నేర్పిన విద్య అది. పేడ, ఎర్రమన్ను, రాగిపొట్టు ఎంతెంత కలపాలో, ఎప్పుడు అరచేత్తో, ఎప్పుడు మణికట్టుతో రుద్దాలో ఆమెకు బాగా తెలుసు. నాయన ఆమెను మెచ్చుకోవడం అదే మొదలు. ముఖం వేడెక్కింది. అయినా నోరు పెగల్చుకుని, "నాయనా, ఆ నెర్రె..." అంది.

"వానలు నిలిచి రాగికోత కానీ. గోడ దించి మళ్ళీ కడతాను. నీ మీద ఒట్టు. ఈ నాలుగు దినాలు గడవల్ల, అంతే."

కెంపమ్మ నమ్మింది. నమ్మడమే సులువుగా ఉంది కాబట్టి నమ్మింది.

మంగళవారం పాపక్క, మారక్క బిడ్డకు సూది వేయించడానికి పెద్దాసుపత్రికి పోయారు. కెంపమ్మ ఆరో గదిలోకి వెళ్ళి, ముందు ఆ నాలుగు కాగితాలూ తడిపి, చిరిగిన ముక్కలు చెదరకుండా ఊడదీసింది. పారేయడానికి చెయ్యి రాలేదు. డైరీలో పెట్టుకుంది. తర్వాత మట్టిముద్ద చేసి నెర్రెలో కూరింది. కూరినకొద్దీ అది మింగుతూనే ఉంది. ఒక గంప అయింది, రెండు గంపలైనాయి. మూడో గంపకు గాని నిండలేదు. ఆకలిగొన్న నోటిలా ఇదేమి నెర్రె అనుకుందే తప్ప, ఆ మట్టంతా యాడికి పోతోందని ఆమె అడగలేదు.

పైన నున్నగా అలికి, కుంపటి పెట్టి ఆరబెట్టింది. నీలిమందు కలిపిన సున్నం రెండు చేతులు కొట్టింది. కింద జానెడు ఎర్రమన్ను పట్టీ దిద్దింది. ఆంజినప్ప వచ్చి చూసి, ఆమె తల నిమిరి, నెర్రె ఉండిన చోటే మేకు కొట్టి వెంకటరమణస్వామి పటం తగిలించాడు.

సాయంత్రం పాపక్క తిరిగి వచ్చి, గడపలోనే ఆగి, తెల్లగా మెరుస్తున్న గోడనూ పటాన్నీ చూసింది. పటం తీయలేదు. కుళాయి దగ్గర కెంపమ్మ ఎదురైతే అడిగింది ఒక్కటే.

"కాగితాలు?"

"నా దగ్గరుండాయి."

"అది చాలు" అంది పాపక్క. చేతి మీద చిన్నగా తట్టింది. ఆ తట్టడం కెంపమ్మకు రెండు రోజులు మండుతూనే ఉంది.

*

ఆఫీసరు పేరు జనార్ధనరావు. గొడుగు, రిజిస్టరు, నల్లటి గుండ్రటి రూళ్ళకర్ర. వాన బురదకు బూట్లు ముద్దయినాయి. ఆంజినప్ప కాఫీ తెప్పిస్తే, "ముందు పని, తర్వాత కాఫీ" అన్నాడు. అట్లా అనే మనిషిని ఆంజినప్ప లెక్కలో పెట్టుకోలేదు.

తీగలు చూశాడు. కిటికీలు తెరిచి మూశాడు. ఎర్ర బకెట్ల దగ్గర ఆగి, "ఈ అక్షరాలు ఎవరివి? మా ఆఫీసు బోర్డు కన్నా బాగున్నాయే" అన్నాడు.

"నా కూతురివి సార్. బడికి పోయిన బిడ్డ. ఇట్ల రా కెంపమ్మా!"

కెంపమ్మ రాక తప్పలేదు. కొంగు నోటికి అడ్డం పెట్టుకుని, వాళ్ళ వెనక గది తర్వాత గది నడిచింది. ఐదు గదులు దాటేసరికి వఠారంలో ఉన్నవాళ్ళంతా వసారాలో చేరారు.

ఆరో గదిలో మారక్క బిడ్డను ఒళ్ళో వేసుకుని మూలన కూర్చుని ఉంది. పాపక్క నిలబడి ఉంది. జనార్ధనరావు గోడలు చూశాడు, కప్పు చూశాడు. ఏం తోచిందో వంగి రూళ్ళకర్రను నేల మీద పెట్టి వదిలాడు. అది ఒక్క క్షణం ఆలోచించినట్టు ఆగి, మెల్లగా దొర్లుకుంటూ పోయి వెనకగోడకు టక్కున తగిలింది.

జనార్ధనరావు ఆంజినప్ప వైపు తిరిగాడు.

"నీళ్ళు పోయేదానికి వాలు పెట్టినాం సార్" అన్నాడు ఆంజినప్ప.

"నీళ్ళు వెనకగోడలోకి పోవాలా?"

ఆంజినప్ప నవ్వాడు. ఎవరూ తోడు నవ్వలేదు. అప్పుడు పాపక్క నోరు విప్పింది.

"సార్, ఒక్క మాట. మాది పురిటిల్లు. బిడ్డకు పేరు పెట్టేదాకా మేం దేవుని పటం లోపలికి తేము. మా తాత ముత్తాతల కాలం నుంచి తెచ్చింది లేదు. మరి ఈ పటం యాడ నుంచి వచ్చినట్టు? ఎవరు తగిలించినట్టు? దేనికి తగిలించినట్టు?"

జనార్ధనరావు పటాన్ని చూశాడు. మూలనున్న బాలింతను చూశాడు. ఆచారం తెలిసినవాడే. రూళ్ళకర్ర చివరతో పటాన్ని పక్కకు జరిపాడు.

వెనక గోడ నున్నగా, తెల్లగా, నీలిమందు మెరుపుతో, పెండ్లికూతురి ముఖంలా ఉంది. వేళ్ళతో తట్టాడు. వేలి కొసతో తడిమాడు. కెంపమ్మ చెయ్యి అంత బాగా కుదిరింది. వెంట్రుకంత గీత లేదు.

"ఏమీ లేదేమ్మా" అన్నాడు.

"కింద ఉండాది సార్, నెర్రె. నా చెయ్యి దూరేంత ఉండాది. కాగితాలు అతికించినాము. మూడు చిరిగినాయి. దేని మీద ఏ దినమో ఈ బిడ్డే రాసింది. చిరిగింది యానాడో అదీ రాసిపెట్టింది. అడగండి. ఆయమ్మ అబద్దం చెప్పదు."

అందరి తలలూ ఒక్కసారి తిరిగాయి. పాపక్క ముఖంలో భయం లేదు. పరీక్షలో తన బిడ్డ పేరు పిలిస్తే లేచి నిలబడుతుందని చూసే తల్లి ముఖంలా ఉంది.

"చెప్పమ్మా" అన్నాడు జనార్ధనరావు, గొంతు మెత్తగా చేసుకుని. "చదువుకున్న పిల్లవి. ఈ గోడకు నెర్రె ఉండిందా?"

కెంపమ్మ నాయన వైపు చూసింది. ఆయన కళ్ళు ఆమెను బెదిరించలేదు. బెదిరించి ఉంటే ఏమయ్యేదో. అవి బతిమాలుతున్నాయి. నాయన కళ్ళు అట్లా ఉండగలవని ఆమెకు తెలీదు. వసారాలో మునివెంకటమ్మ తన చంటిదాన్ని ఎత్తుకుని గుమ్మం పట్టుకుంది. ఆమె వెనక ఇంకో నలుగురు. అన్ని కళ్ళదీ ఒకటే మాట.

"లేదు సార్" అంది కెంపమ్మ.

"కాగితాల మీద తేదీలు నువ్వు రాశావా?"

ఇక్కడ ఆగి ఉండవచ్చు. తల దించుకుని ఊరుకుంటే ఆయనే అర్థం చేసుకునేవాడేమో. కాని ఒకసారి జారిన కాలు రెండో మెట్టు మీద ఆగదు.

"నేనేమీ రాయలేదు సార్. నాకు తెలీదు."

బకెట్ల మీద తెల్లటి అక్షరాలు రాసిన చేతిని కొంగు కింద దాచుకుంది. డైరీ ఇంట్లో, తలగడ కింద ఉంది. అడిగితే పది అడుగుల్లో తేగలదు.

మునివెంకటమ్మ అందుకుంది. "మనవరాలు పుట్టినాంక ముసలామెకు నిద్ర లేదు సార్. అందుకే గోడలు నడిచేది కనబడతా ఉండాది!"

వసారాలో నవ్వు లేచింది. భయం తీరినవాళ్ళ నవ్వు అది, ఎక్కువసేపు నిలిచింది. జనార్ధనరావు నవ్వలేదు. రూళ్ళకర్రను నేల మీంచి తీసుకుని, దాన్నీ గోడనూ ఇంకోసారి చూశాడు.

"కనబడనిదాన్ని నేను రాయలేను" అని రిజిస్టరు తెరిచాడు. "ప్రస్తుతానికి నివాసానికి తగును. వానలు తగ్గాక ఇంకోసారి చూస్తాను."

సంతకం పడింది. పాపక్క ఏడవలేదు, అరవలేదు. పటాన్ని మేకు మీంచి తీసి, కొంగుతో తుడిచి, ఆంజినప్ప చేతిలో పెట్టింది.

"తీసుకుపోండప్పా. మా మైల స్వామికెందుకు."

కెంపమ్మ వైపు చూడలేదు. అది కెంపమ్మకు వీపు మీద వాత పెట్టినట్టయింది.

*

ఆఫీసరు కాఫీ తాగి పోయాడు. ఆంజినప్ప బజారుకు పోయి మైసూరుపాకు తెచ్చాడు. "నా కూతురే ఈ పొద్దు ఇల్లు నిలబెట్టింది" అని ఒక ముక్క తుంచి ఆమె నోట్లో పెట్టబోయాడు. కెంపమ్మ చేత్తో అందుకుంది. తినలేదు. నడిమింట్లోకి పోయి, డైరీ తీసి, తేదీ రాసింది. తేదీ కింద పెన్ను కదలలేదు. ఆమె చేతిరాత ఆమెకే ఎవరిదో అనిపించింది. నేనేమీ రాయలేదు అని చెప్పింది కదా. పేజీల నడుమ నుంచి గంజి వాసనతో ఒక కాగితం ముక్క జారి ఒళ్ళో పడింది.

మంచం మీద నుంచి దొడ్డమ్మ అడిగింది. "పోయినాడా ఆ ఆఫీసరు?"

"పోయినాడు."

"నన్ను కోడిని గంప కింద మూసినట్టు మూసి పెట్టినారే మీయమ్మా మీనాయనా. ఏమన్నాడు? బావి సంగతి అడిగినాడా?"

"ఏ బావి దొడ్డమ్మా?"

"ఏ బావంటే? మన కపిలబావి. నాలుగెద్దులతో నీళ్ళు తోడినది. నేను ఈ ఇంటికి కోడలుగా వచ్చిన దినం కాళ్ళు కడిగింది ఆ నీళ్ళతోనే." ముసలమ్మ కళ్ళు ఆ నీళ్ళను చూస్తున్నట్టు మెరిశాయి. "అవునులే, నువ్వు చూడలేదు. అప్పుడు నువ్వు అత్తిముగంలో ఉంటివి. ఏడు మట్ల లోతు. మనిషి నిలబడి చెయ్యెత్తితే ఒక మట్టు. అట్లాంటివి ఏడు."

"ఇప్పుడు యాడుంది?"

"యాడికి పోతాది? ఉన్నచోటే ఉండాది. పాపక్క గది కింద."

కెంపమ్మ చేతిలో మైసూరుపాకు నలిగి పొడైంది.

"మీ పెదనాయన ఉండినప్పుడే చెప్పినాడు, రాళ్ళతో పూడ్చురా, పూడ్చినా మూడు వానలు పోనిచ్చి కట్టురా అని. మీ నాయనకు తొందర. ఫ్యాక్టరీలు వస్తా ఉండాయి, గదులు కావల్ల. పోనీ వేరే చోట కట్టరాదా అంటే, రాగి పండే నేల మీద గోడ లేపితే భూతల్లి ఊరుకుంటుందా అన్నాడు. బావి తావు ఊరికే పడుండాది కదా, గుంటెడు నేల వృథా పోదు కదా అని లెక్క. కంప, చేని కొయ్యకాళ్ళు, విరిగిన బండి చక్రాలు, ఇంటి కసువు, అన్నీ తోసి, పైన రెండు మట్లు మన్ను కొట్టినాడు. కంప కుళ్ళదా? కుళ్ళితే మన్ను కిందికి పోదా?"

మూడు గంపల మట్టి. మింగుతూ పోయిన నెర్రె. దొర్లుకుంటూ పోయిన రూళ్ళకర్ర. తను అలికింది గోడను కాదు, బావి మూతను.

కెంపమ్మ వంటింటి గడపకు పోయింది. "అమ్మా, నీకు తెలుసునా? ఆ గది బావి మీద ఉండేది?"

మంజులమ్మ చేట ఆపలేదు. రాగులు ఎగిరి పడుతున్నాయి, ఎగిరి పడుతున్నాయి. తల ఎత్తకుండా, "మీ నాయన రాగికోత అయినాంక చేస్తానన్నాడు కదా" అంది.

"ఏమి చేస్తాడు? బావిని మోసుకుని పోతాడా?"

అంత గట్టిగా కెంపమ్మ ఎన్నడూ మాట్లాడలేదు. తన గొంతుకు తనే ఉలిక్కిపడింది. మంజులమ్మ చేట ఆగింది. కాని ఆమె కళ్ళు కూతురి ముఖం దాకా రాలేదు, కూతురి చేతిలోని డైరీ దగ్గరే నిలిచిపోయాయి.

వాన మళ్ళీ మొదలైంది. కెంపమ్మ డైరీని ఓణీలో చుట్టుకుని వాకిలి దాటింది.

వసారాలో ఎవరూ లేరు. ఐదు గదుల్లోనూ కట్టెలపొయ్యి పొగ, పిల్లల గోల, మైసూరుపాకు పంచినందుకు సంతోషం. ఆరో గది తలుపు సగం తెరిచి ఉంది. పాపక్క గుమ్మంలో కూర్చుని, బిడ్డ గుడ్డలు వానకు తడవకుండా చూరు కింద తాడుకు వేస్తోంది.

"పాపక్కా" అంది కెంపమ్మ.

పాపక్క లేచింది. చేతులు తుడుచుకుంది.

"ఏమి కావల్లమ్మా మీకు?"

మీకు. నిన్నటిదాకా కెంపీ, నువ్వు, ఇట్ల రా, అట్ల పో. ఈ ఊళ్ళో తనను పేరు చిదిమి పిలిచే మనిషి ఆమె ఒక్కతే. ఆ ఒక్క మాటతో ఆమె నాలుగు బారల దూరం జరిగిపోయింది.

"కాగితాలు తెచ్చినాను. డైరీ తెచ్చినాను. అన్నీ రాసినాను పాపక్కా, నేనే రాసినాను. ఆఫీసరు దగ్గరికి పోతాం, కృష్ణగిరికి అయినా పోతాం, నేను చెప్తాను..."

"మీరు ఏమీ రాయలేదంటిరి కదమ్మా."

కెంపమ్మ డైరీ తెరిచి చాపింది. పాపక్క అందుకోలేదు.

"నేను చదువు రానిదాన్ని. గొర్రె చెవికి గాటు పెట్టి గుర్తు పట్టినదాన్ని. గాటు పెట్టినాంక గొర్రె నాది కాదని ఏనాడూ అనలేదు. రాసేవాళ్ళు రాసింది చెరపగలరని నాకు తెలీకపాయ. నా తప్పే." గొంతు ఎక్కడా పెరగలేదు. "నలుగుర్లో నన్ను పిచ్చిదాన్ని చేసినారు. చెయ్యండి. నా వయసుకు అదేమి లెక్క. నా బిడ్డ ముందర చేసినారు, అది మరవను."

"అది కాదు పాపక్కా, ఇంకొకటి ఉండాది, ఆ గోడ కింద..."

"గోడ మీది. నేల మీది. సున్నం గూడా మీదే, శానా బాగుండాది. బాడిగ ఇచ్చినంత కాలం ఈ తలుపొక్కటే నాది."

ఆమె భుజం మీదుగా లోపల కనిపించింది. మారక్క పక్కకు ఒత్తిగిలి నిద్రపోతోంది. వెచ్చగా ఉంటుందని కుంపటి పెట్టి ఆరబెట్టిన వెనకగోడకు ఆనించి చాప వేసింది. ఆ గోడకూ తల్లికీ నడుమ, గుడ్డల్లో చుట్టిన పేరు లేని బిడ్డ. పైన, పటం తీసేసిన మేకు. ఆ మేకు దగ్గర నుంచి కిందికి, కెంపమ్మ చేతుల్తో నున్నగా రుద్దిన తెలుపు మీద, ఎవరో పెన్నుతో గీసినట్టు సన్నగా నల్లటి గీత. పొద్దున లేదు. ఆఫీసరు వేలు పెట్టి తడిమినప్పుడు లేదు.

పుట్టి బుద్ధి ఎరిగినప్పటి నుంచి నోటికి అడ్డం పెట్టుకున్న కొంగును కెంపమ్మ లాగి పారేసింది.

"బిడ్డను ఆడ నుంచి తియ్యండి! పాపక్కా, ఆ గోడ..."

ఎత్తి తోయవలసిన పని లేకుండా, చిత్రిక పట్టిన ఆ తలుపు పాపక్క వేలు తగలగానే చప్పుడు లేకుండా కెంపమ్మ ముఖాన మూసుకుంది.